బయటికి పోయే పుస్తకం

మా ఇంట్లో కొత్తగా పనికి చేరిన ఇద్దరమ్మాయిలు పోయిన నెల నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, ఇరవై రెండేండ్లు చేసినవ్ గదా, ఈ పని ఎట్ల చెయ్యాల్నో జర రాసియ్యి" అన్నారు. నోటితో చెబుతానంటే వినలేదు. నోటితో చెబితే నేను తిడతానని వాళ్ల భయం. రాస్తే తిట్టనని ఎవరు చెప్పారో తెలియదు.

నేను చదివింది నాలుగో తరగతి. అదీ సగమే. కాబట్టి ఇందులో పెద్ద మాటలు ఉండవు. కాగితం దండగ చేయడం నాకు పడదు, అందుకని రెండువైపులా రాస్తున్నాను. అటు పక్క అక్షరాలు ఇటు కనబడితే కళ్లు చికిలించుకొని చదవండి, ఏం కాదు.

ముందు ఆ ఇల్లేమిటో చెప్పాలి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి పోతే పసుపు గోడల ఇల్లొకటి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆశ్రమాలూ అనాథ పిల్లల హాస్టళ్లూ పిల్లల్ని బయటికి పంపిస్తాయి. పంపడం తేలిక. పోవడానికే ఇల్లుండదు. అట్లాంటి ఆడపిల్లలు మా దగ్గరికి వస్తారు, ఇరవై ఒకటి నిండేదాకా ఉంటారు. ఆలోగా ఒక పని, ఒక అద్దె గది చూసుకొని సొంతంగా బతకడం వాళ్లకు రావాలి. అది నేర్పడమే ఉద్యోగం. నేను వంటమనిషిగా చేరాను, తర్వాత వార్డెన్ అన్నారు. రిజిస్టరులో పేరు మారింది గానీ చేతిలో గంటె మారలేదు. అందుకని ఆ సంగతులు వదిలేస్తాను.

గంట ఎవరు కొడతారు

నాకు మొదటి పాఠం నేర్పింది షాహీన్. ఐదేళ్ల వయసు నుంచి హాస్టల్లో పెరిగిన పిల్ల. చురుకైనది, కుట్టుమిషను మీద కూర్చుంటే లేవదు. ఇబ్రహీంపట్నంలోనే ఒక టైలరు దగ్గర పని దొరికింది, దగ్గర్లోనే గది దొరికింది. సంతోషంగా సాగనంపాము. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, నీకో మాట అడగాల్నని."

"అడుగు."

"ఇక్కడ గంట ఎవరూ కొడ్తలేరు. నేనెప్పుడు తినాలె?"

"ఆకలైనప్పుడు తినవే."

 "అది ఎట్ల తెలుస్తది?" అంది.

నేను ఫోన్ పెట్టేసి మా ఇంటి గంట వైపు చూశాను. పాత రైలు పట్టా ముక్క అది. దాన్ని కొట్టి కొట్టి నేనే ఆ పిల్ల ఆకలిని పోగొట్టాను. పిల్లలు నలభై మంది ఒక్కసారి తింటే పొయ్యి ఒక్కసారే వెలిగించొచ్చని, గ్యాసు మిగులుతుందని నా లెక్క. గ్యాసు మిగిలిన మాట నిజమే.

ఇంకోటి కూడా. షాహీన్‌కి జన్మలో ఎన్నడూ తాళం చెవి చేతికి రాలేదు. మా ఇంట్లో కూడా తాళం చెవులన్నీ ఒకే గుత్తిగా నా నడుముకు ఉండేవి. సొంత గదికి పోయిన పది రోజుల్లో నాలుగుసార్లు చెవి లోపల పెట్టి బయట తాళం నొక్కేసింది. తాళాలు బాగుచేసేవాడు నాలుగోసారి డబ్బులు తీసుకోకుండా, "అక్కా, ఈ పిల్లకు తాళమొద్దు, గొళ్లెం చాలు" అని పోయాడు. ఆ తర్వాతే ఒక్కో మంచం కింద ఒక్కో రేకు పెట్టె పెట్టించి, ఎవరి చెవి వాళ్లకిచ్చాను. కొత్తగా చేరినవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ముందు తాళం చెవి ఇవ్వండి, ఉపన్యాసం తర్వాత ఇవ్వండి. చెవి పోగొట్టుకుంటే తిట్టండి, కానీ మళ్లీ ఇవ్వండి.

సారు

నాకు పైన పనిచేసిన సార్లలో ఎక్కువమంది వచ్చారు, పోయారు. ఒక సారు గురించి మాత్రం చెప్పాలి. సిటీ నుంచి వచ్చేవాడు. మనిషి మంచివాడే గానీ చార్టుల పిచ్చి. పిల్లలందరినీ కూర్చోబెట్టి, మీ కలల చెట్టు గీయండి అనేవాడు. ఒకామె చెట్టుకు కొమ్మల బదులు ఫ్యాన్లు గీసింది. మా పై అంతస్తులో ఫ్యాన్లు లేవు మరి. సారు దాన్ని చాలా లోతైన భావం అన్నాడు. నేను ఫ్యాన్లు పెట్టించమన్నాను.

ఆ సారుకూ నాకూ గొడవ ఒక్క పుస్తకం మీద. మా వాకిట్లో దారంతో కట్టిన ఒక నోటుబుక్కు వేలాడేది. పిల్లలు దాన్ని బయటికి పోయే పుస్తకం అనేవాళ్లు. పేరు, ఎందుకు పోతున్నారు, పోయే టైం, వచ్చే టైం, పెద్దల సంతకం అని ఐదు గడులు. పాలప్యాకెట్టుకు పోయినా రాయాలి. తిరిగొచ్చాక నేను సంతకం పెట్టాలి.

"బాలమణమ్మా, పోయే ముందు ఆర్నెల్లు ఈ పుస్తకం బంద్ చెయ్యాలె," అన్నాడు సారు. "రేపు గదిలో వాళ్లు ఎవర్నడిగి పోతరు?"

"అడిగేటోళ్లు లేకనే గద సార్ ఇక్కడికొచ్చింది," అన్నాను.

మాట బాగా తగిలింది. సారు చార్టులు చుట్టుకొని పోయాడు. నేను గెలిచానని ఆ రోజు ఒక టీ ఎక్కువ తాగాను. ఇప్పుడు చెబుతున్నాను, సారు చెప్పిందే నిజం. కానీ నేను చెప్పిందీ అబద్ధం కాదు. ఈ రెండింటి మధ్యలో మౌనిక ఇరుక్కుంది.

ఐదిండ్లు

మౌనికకు ఇరవై ఒకటి నిండే నెల వచ్చింది. తుర్కయాంజాల్‌లో ఒక బట్టల షాపులో పని కుదిరింది. చీరలు మడత పెట్టడంలో ఆ పిల్లను మించినవాళ్లు లేరు. హాస్టల్లో నలభై దుప్పట్లు మడత పెట్టిన చేయి అది. గది దొరకడమే కష్టమైంది. ఆమె మంచానికి అప్పుడే ఇంకో పిల్ల పేరు రాసేశారు. ఒకటో తారీఖున ఆ పిల్ల వస్తుంది, మౌనిక పోవాలి. గది లేకపోతే పోయేది ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఆడపిల్ల ఒక్కతే అంటే ఇల్లు ఇచ్చేవాళ్లు ముందు అడిగేది, "అమ్మానాన్న ఏం జేస్తరు?" అని. లేరు అంటే తలుపు సగం మూసుకుంటుంది. అట్లా మూడు తలుపులు మూసుకున్నాక నాకు ఒళ్లు మండి, నాలుగో ఇంట్లో ఈ పిల్ల నా మనవరాలు అని చెప్పేశాను. ఇంటావిడ నవ్వుతూ, "అట్లనా, ఇంటిపేరేంది?" అంది. నేనూ మౌనికా ఒకేసారి చెప్పాము. నేను మాది చెప్పాను, అది దానిది చెప్పింది. ఆ తలుపు మూసుకున్న చప్పుడు సాగర్ రోడ్డుదాకా వినబడి ఉంటుంది.

"అబద్ధం చెప్పేటప్పుడు ముందు నాతోని చెప్పాలె గద అమ్మమ్మా," అంది మౌనిక బయటికొచ్చి.

"నోరు మూసుకొని నడువ్," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకే సరిగ్గా రాలేదు.

ఐదో ఇల్లు యాదగిరిది. యాచారం దిక్కు నుంచి వచ్చి తుర్కయాంజాల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. భార్య లక్ష్మమ్మ. మేడ మీద ఒక రేకుల గది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను చాలాసేపు మౌనిక చెప్పులవైపు చూసి, "ఒక్క నెల చూస్తనక్కా. నాకు ఏ పరేషాన్ లేకుంటే ఉంటది. పరేషాన్ అయితే ఖాళీ. మాట మీద ఉండాలె, కాయితాలు గీయితాలు మాత్రం వద్దు. నేను దేని మీదా సంతకం పెట్ట," అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నెల పప్పు ఒక్క పూట

ఇక్కడ తప్పు నాది. రెండు తప్పులు.

ఒకటి, మౌనికకు కొత్త గిన్నెలు కొనడం దండగని, మా ఇంట్లో సొట్టబోయిన పెద్ద గంజు ఒకటి ఇచ్చాను. నలభై మందికి పప్పు వండే గంజు. దానికి లోపల నేనే మేకుతో ఒక గీత గీశాను, నీళ్లు ఆ గీతదాకా పోయాలి అని. మౌనికకు పప్పు వండడం అంటే ఆ గీతదాకా నీళ్లు పోయడమే.

రెండోది, నెలకు సరిపడా సామాను మూటగట్టి ఇచ్చాను, అందులో ఏమి ఎంతని చెప్పలేదు. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, స్టోరు గది నుంచి ఏ సంచి బయటికొస్తే ఆ సంచి ఆ పూట వండేయాలి. పిల్లలకు తెలిసింది అదే. మౌనిక మొదటి రోజే కందిపప్పు సంచి విప్పింది, మొత్తం పోసింది, గీతదాకా నీళ్లు పోసింది.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే పది దాటాక ఉడికిందట. మేడ మీద రేకుల గదిలో పప్పు వాసనకు కిందింటి పిల్లి కూడా పైకొచ్చిందట. మౌనిక ఒక బకెట్టు నిండా యాదగిరి ఇంటికి పట్టుకెళ్లింది. లక్ష్మమ్మ మురిసిపోయింది. మర్నాడు ఇంకో బకెట్టు. లక్ష్మమ్మ కొంచెం తక్కువ మురిసింది. మూడో రోజు పప్పు కొద్దిగా పులిసింది. "దోసెలు పోస్కోండి ఆంటీ" అని చెప్పిందట. అదీ మా దగ్గరే నేర్చుకుంది. నేను ఏదీ పారేయను.

ఆ మూడో రోజే, బకెట్టు దించిన చేత్తోనే, మా వాకిట్లో పుస్తకంలాగా తనే గడులు గీసుకున్న నోటుబుక్కు ఒకటి తీసి యాదగిరి ముందు పెట్టింది.

"అంకుల్, జర సంతకం పెట్టుర్రి."

బిర్యానీ తినిపించి

నాకు పదకొండింటికి ఫోన్ వచ్చింది. "అక్కా, మీ పిల్లను తీస్కపోండ్రి," అన్నాడు యాదగిరి. ఇంకేం చెప్పలేదు.

షేర్ ఆటోలో ముందుసీటు అంచున కూర్చొని తుర్కయాంజాల్ చేరాను. వాకిట్లో మౌనిక రేకు పెట్టె సర్దుకొని, చేతులు కట్టుకొని నిలబడి ఉంది. హాస్టల్లో తనిఖీ వస్తే నిలబడేటట్టు. యాదగిరి ఆ నోటుబుక్కును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఏమైంది యాదగిరన్నా?"

"ఏమైందా? మూడొద్దులు తినిపించింది. మూడో నాడు కాయితం తెచ్చింది. నాకు తెల్వదా?"

లక్ష్మమ్మ తలుపు వెనక నుంచి అంది: "ఈయన మేనబావ గూడ గిట్లనే అక్కా. బిర్యానీ పెట్టిండు. మటన్ది. తిన్నంక, బావా జర సాక్షి సంతకం అన్నడు. యాచారం భూమిల అర్ధెకరం పోయింది."

"బిర్యానీకి అర్ధెకరం పోతే, మూడు బకెట్ల పప్పుకు ఏం పోవాలె?" అన్నాడు యాదగిరి.

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వే పరిస్థితి కాదు. మౌనిక మంచం మీద అప్పటికే ఇంకో పిల్ల పడుకుంటోంది. ఈ వాకిలి దాటితే మౌనికకు ఇంకో వాకిలి లేదు.

"అన్నా, ఒకసారి చదువు," అన్నాను.

అతను కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కో అక్షరం చదివాడు. "పేరు, మౌనిక. ఎందుకు... ఉల్లిగడ్డలు. పోయే టైం, తొమ్మిదిన్నర. వచ్చే టైం. పెద్దల సంతకం." తలెత్తాడు. "ఉల్లిగడ్డలకు సంతకమెందుకు?"

"ఉత్తగనే. అలవాటు," అన్నాను.

"గదే నేననేది. ఉల్లిగడ్డలకు సంతకం అడిగేటోళ్లు రేపు ఇంటికి అడగరా?"

"అన్నా, తప్పు ఈ పిల్లది కాదు. ఆ పుస్తకం నేను పెట్టిన. మూడేండ్లు రోజూ రాయించిన. సారు బంద్ చెయ్యమన్నడు, నేను వినలే."

"ఎందుకు రాయించినవ్?"

నేను చెప్పబోయాను. మౌనిక ముందే మాట్లాడింది. 

"సంతకం కోసం కాదంకుల్. నేను బయటికి పోయినంక వాపసు రాకుంటే, రాలేదని ఎవరికి తెలుస్తది? పుస్తకంల ఉంటే ఎవరన్న చూస్తరు గదా."

యాదగిరి కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. లక్ష్మమ్మ తలుపు వెనక నుంచి బయటికొచ్చింది.  పైన గంజు మీద మూత జారి కింద పడ్డ చప్పుడైంది. పిల్లి పని.

"నేనైతే సంతకం పెట్ట," అన్నాడు యాదగిరి చివరికి. "దేవుడొచ్చి అడిగినా పెట్ట."

"వద్దన్నా."

"నోటితోని చెప్పి పొమ్మను. నేను యాదికి పెట్టుకుంట."

"నీకు యాదికుంటదా?" అంది లక్ష్మమ్మ. "నిన్న కళ్లద్దాలు మొఖం మీద పెట్టుకొని ఇల్లంత దేవులాడినవ్."

ఆ మాటకు అతనికి పౌరుషమొచ్చి లోపలికి పోయి ఒక సుద్దముక్క తెచ్చాడు. గేటు పక్క గోడ మీద ఒక నిలువు గీత గీశాడు. "ఇగో, పోయింది," అన్నాడు. దాని మీద అడ్డంగా ఇంకో గీత కొట్టాడు. "వచ్చింది. ఇందుల సంతకమేం లేదు. గోడ నాది, సుద్ద నాది."

మౌనిక పెట్టె పట్టుకొని పైకెక్కబోతుంటే వెనక నుంచి అరిచాడు: "పప్పు మాత్రం ఇగ పంపకు బిడ్డా."

నేను ఆ రోజు గంజు వెనక్కి తెచ్చాను. చిన్న గిన్నె ఒకటి కొనిచ్చాను. కొత్తదే. షాపువాడు, "ఇంకేమన్న కావాల్నా అమ్మమ్మా" అంటే, "ఇదే ఎక్కువ" అన్నాను.

నెల తర్వాత

నెల నిండిన రోజు పోయాను. గోడ మీద వరసగా కొట్టేసిన గీతలు. ఇంటి ముందు ఎవరో క్యారమ్ బోర్డు ఆట లెక్క రాసినట్టుంది. యాదగిరి కుర్చీ వేసుకొని ముఖం ముడుచుకొని కూర్చున్నాడు.

"నెలయింది, ఏమంటవన్నా?" అన్నాను. 

"ఏం నెల?"

"ఒక్క నెల చూస్తనంటివి గద."

"అది కాదక్కా ముచ్చట. నిన్న ఈ పిల్ల నాకు చెప్పకుండ పోయింది. సీదా గేటు తీస్కొని పోయింది. సాయంత్రం వచ్చినంక అడిగితే, మర్చిపోయిన అంకుల్ అంటది. గోడ మీద నిన్నటి గీతే లేదు. ఆమెకు జర గట్టిగ చెప్పు."

"మర్చిపోయిందా?"

"అవ్. నవ్వుకుంట చెప్తది గూడ."

 ఇరవై ఒక్కేళ్ల పిల్ల, ఎవరినీ అడగకుండా, మర్చిపోయి, బయటికి పోయింది. సారు చార్టులు వేసి నేర్పలేనిది, నేను తిట్టి ఆపింది, ఆ పిల్ల దానంతటదే చేసేసింది. రాలేదేమని చూసేవాళ్లు ఒకరున్నారని తెలిశాకే మర్చిపోగలిగింది. నాకు అట్లా అనిపించింది.

"చెప్ప," అన్నాను.

"ఏంది, చెప్పవా?"

"చెప్ప. నువ్వు చూస్కో."

అతనికి కోపమొచ్చింది. ఆ కోపం చూసి ఈ గది ఇక పోదని నాకు అర్థమైంది.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పుస్తకం పెట్టండి, కానీ ఎప్పుడు తీసేయాలో కూడా ఆలోచించుకోండి. ఒక్కరికి వండడం నేర్పండి. గంట పీకేయండి. మీకు గది ఇచ్చేవాడు సంతకం పెట్టనంటే, ఎందుకని ఒక మాట అడగండి. సారు చెప్పేది వినండి, చార్టులు మాత్రం గ్యాసు పొయ్యికి దూరంగా కట్టండి.

ఇప్పుడు నేను పని మానేశాను. అప్పుడప్పుడు ఆదివారం మౌనిక గదికి పోతాను. పోయిన వారం చిన్న గిన్నెలో పప్పు వండింది. సరిగ్గా ఇద్దరికి. ఒక్క గరిటె మిగలలేదు. నిజానికి నాకు కొంచెం తక్కువే పడింది, కానీ ఏమీ అనలేదు. చాలా సంతోషపడ్డాను.

తిరిగి బయలుదేరుతుంటే మౌనిక గోడ మేకుకు వేలాడుతున్న నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. అదే పుస్తకం. సగం పేజీలు ఇంకా ఖాళీ.

"అమ్మమ్మా, సంతకం పెట్టి పో."

కింద గేటు దగ్గర సుద్దముక్క పట్టుకొని నిలబడ్డ యాదగిరి తల పైకెత్తాడు. "అక్కా, జర చదివి పెట్టు," అని అరిచాడు.

చదివాను. పేరు దగ్గర నా పేరు. ఎందుకు అన్నచోట 'పప్పుకు' అని రాసింది. వచ్చే టైం అన్న గడి ఖాళీగా ఉంది. అందులో ఆదివారం అని రాసి, కింద సంతకం పెట్టాను.